మొగ్గ, రత్నం, హైడ్రా: ఒకే మాట కథ



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు వాళ్ల బాబు బయాలజీ నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టారు. ‘బడ్డింగ్’ అనే హెడ్డింగ్ పక్కన వాడు పెన్సిల్‌తో ‘మొగ్గ తొడగడం’ అని తెలుగులో రాసుకున్నాడు. “మేడమ్, ఇంగ్లిష్ మీడియం అని ఇంత ఫీజు కడుతున్నాం. క్లాసులో మళ్లీ తెలుగెందుకండీ?” అని అడిగారు. కోపంగా కాదు, కాస్త దిగులుగానే అడిగారు. వెనక ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు కాబట్టి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పెన్సిల్ మాట వెనక ఒక యూనిట్ టెస్టు ఉంది. హైడ్రా ఎలా ప్రత్యుత్పత్తి జరుపుతుందో రాయమన్నాం. పాఠ్యపుస్తకంలో ఉన్న మాట బడ్డింగ్. దానికే ‘జెమ్మేషన్’ అని ఇంకో పేరు కూడా ఉంది, పోటీ పరీక్షల గైడ్లలో కనిపిస్తుంటుంది. పెద్ద మాట రాస్తే టీచర్ మెచ్చుకుంటారని కొందరు దాన్ని రాయబోయి ‘జెర్మినేషన్’ అని రాశారు. ఇద్దరు ‘జెమినేషన్’ అన్నారు. స్పెల్లింగులు ఒక్కటీ తప్పు లేదు, మాటలే తప్పు. మార్కులు వేయలేకపోయాను. అలాగని వాళ్లను కోప్పడలేకపోయాను కూడా. బీఈడీ టీచింగ్ ప్రాక్టీసులో నేనూ బోర్డు మీద ఇదే పొరపాటు చేశాను. క్లాసంతా అయిపోయాక గానీ ఎవరూ చెప్పలేదు.

తెలియని మాట వినిపిస్తే చెవి దాని బదులు తెలిసిన మాటను పెట్టేసుకుంటుంది. మన ఎర్రమంజిల్ పేరే చూడండి. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ మేడ పేరు ఇరమ్ మంజిల్. ఇరమ్ అంటే స్వర్గంలాంటి తోట. మనకు ఇరమ్ తెలియదు, ఎర్ర తెలుసు. అందుకే ఎర్రమంజిల్ అన్నాం. ఊరి పేరుకైతే ఫరవాలేదు, జవాబు పత్రంలో కుదరదు.

ఇక మాటల సంగతి. మూడూ లాటిన్ నుంచి వచ్చినవే, మూడింటికీ మూలాలు వేరు. ‘జెర్మెన్’ అంటే మొలక. గింజ మొలకెత్తడం జెర్మినేషన్. ‘జెమినస్’ అంటే కవల. మిథున రాశిని జెమిని అనేది అందుకే. అక్షరం జంట కావడాన్ని, అంటే మన ద్విత్వాన్ని, భాషాశాస్త్రంలో జెమినేషన్ అంటారు. మూడోది ‘గెమ్మ’. గెమ్మ అంటే మొగ్గ, రత్నం కూడా! ఇంగ్లిష్‌లో ‘జెమ్’ వచ్చింది దీని నుంచే, జెమ్మేషన్ కూడా దీని నుంచే.

ఇది చెప్పగానే వెనక బెంచీ అమ్మాయి లేచి, “మేడమ్, గెమ్మని తిరగేస్తే మొగ్గ కదా!” అంది. మ, గ అటూ ఇటూ మారాయంతే. ఇది వట్టి కాకతాళీయమే, ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదని చెప్పాను. కానీ ఆ రోజు నుంచి ఆ మాట క్లాసులో ఎవరూ మర్చిపోలేదు. పైగా ‘మొగ్గ’లో గ్గ ఉంది కదా, అదే జెమినేషన్.

మొగ్గ ముందా, రత్నం ముందా అన్న ప్రశ్న రెండు వేల ఏళ్లనాటిది. రోమన్ వక్త సిసెరో క్రీ.పూ. 55లో రాసిన పుస్తకంలో, ద్రాక్షతీగ ‘రత్నాలు తొడుగుతోంది’ అని పల్లెటూరి రైతులు సైతం అలంకారంగా మాట్లాడతారని మెచ్చుకున్నాడు. ఈనాటి భాషావేత్తలు ఎక్కువగా దీనికి తలకిందులుగా చెబుతారు. రైతు మాటే అసలుదనీ, ముందు మొగ్గ అనీ, ఆ గుండ్రని మెరుపును చూసి తర్వాత రాయికి ఆ పేరు పెట్టారనీ వాళ్ల వాదన. నాకైతే ఇదే నచ్చుతుంది. రత్నాలు ఎందరి ఇళ్లలో ఉంటాయి? మొగ్గ అందరూ చూసిందే.

మన దగ్గర కూడా మొగ్గ నగ అయింది. మెట్రో దిగి ఎర్రమంజిల్ నుంచి పంజాగుట్ట సర్కిల్ వైపు నడిస్తే నగల షోరూములు కనిపిస్తాయి కదా, వాటిల్లో మల్లెమొగ్గల హారం అడిగి చూడండి. బంగారు మొగ్గలు వరసగా గుచ్చిన హారం చూపిస్తారు. ఏ అమ్మమ్మకూ దానికి లాటిన్ అవసరం పడలేదు.

ఇప్పుడు హైడ్రా. ఇది మంచినీటిలో బతికే చిన్న జీవి, పొడవు మహా అయితే ఒక సెంటీమీటరు. దాని ఒంటి పక్కన ఒకచోట కణాలు పదేపదే విభజన చెంది ఒక బుడిపె వస్తుంది. ఆ బుడిపెకు నోరు, చుట్టూ చేతుల్లాంటి టెంటకిల్స్ వస్తాయి. పెరిగాక తల్లి నుంచి విడిపోయి సొంతంగా బతుకుతుంది. ఆడ, మగ ప్రమేయం లేదు, ఒక్క జీవి చాలు. 1740ల్లో అబ్రహాం ట్రెంబ్లీ అనే శాస్త్రవేత్త హాలండ్‌లో దీన్ని చూసి, మొక్కా జంతువా అని చాలా తికమకపడ్డాడు. రెండుగా కోస్తే రెండూ బతికాయి, కొమ్మల్లా పిల్లలు పుట్టుకొచ్చాయి. కానీ అది కదులుతోంది, ఆహారాన్ని పట్టి తింటోంది. చివరికి జంతువేనని తేల్చి, 1744లో పుస్తకం అచ్చువేశాడు. మొక్కకు వాడే ‘మొగ్గ’ అనే మాట జంతువుకెలా వచ్చిందని పిల్లలు అడిగితే ఈ కథ చెప్పండి.

అమ్మగారి ప్రశ్నకు నా జవాబు ఇదే. పరీక్షలో ఇంగ్లిష్ మాటే రాయాలి, దానిలో రాజీ లేదు. కానీ మొగ్గ అనగానే పిల్లవాడికి కంటి ముందు ఒక మొక్క కనిపిస్తుంది. కనిపించాక జెమ్మేషన్‌ను జెర్మినేషన్‌తో కలపడు. ఆ పెన్సిల్ మాటను దయచేసి చెరిపించకండి.

ఇంట్లో చేయదగినవి రెండున్నాయి. ఒకటి ఈస్ట్. గోరువెచ్చని పంచదార నీళ్లలో చిటికెడు డ్రై ఈస్ట్ వేసి, వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు గంటలు ఉంచితే నురగ వస్తుంది. ఆ నురగ కార్బన్ డయాక్సైడ్ వల్ల. మొగ్గలు చూడాలంటే మాత్రం మైక్రోస్కోపు కావాలి, అది ల్యాబ్‌లో చూపిస్తాం. ఇడ్లీ పిండి కూడా ఈస్ట్ వల్లే పొంగుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడ ముఖ్యమైన పని బ్యాక్టీరియాది.

రెండోది రణపాల. దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు, అందుకే నాకు ఇదే ఇష్టం. ముదురు ఆకు ఒకటి తెచ్చి తడి మట్టి మీద పరచండి. కొన్ని రోజులకు ఆకు అంచున ఉన్న నొక్కుల్లోంచి చిన్న చిన్న మొక్కలు లేస్తాయి. అయితే పిల్లలకు ఒక్క మాట చెప్పండి: ఇక్కడా మొగ్గలే ఉన్నా, పరీక్షలో దీన్ని బడ్డింగ్ అని రాయకూడదు. ఆకు, కాండం, వేరు లాంటి భాగాల నుంచి మొక్క వస్తే అది వెజిటేటివ్ ప్రాపగేషన్.

మొలకలు వచ్చిన ఆకును పిల్లలతో క్లాసుకు పంపండి. ఆకు కుళ్లిపోతే నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట. ఇంకో ఆకు పెట్టండి.