ముందు తల చూపించు, తర్వాతే మందు

శ్రావణీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను తల్లీ. దువ్వెన నిండా జుట్టు, బాత్రూం జాలీ మీద ఇంకో ముద్ద. ఏళ్ల తరబడి చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేసినదాన్ని, జుట్టు ఊడుతుంటే ఆడపిల్ల ఎంత కుంగిపోతుందో నాకు తెలుసు. అందుకే "అదే వస్తుందిలే" అని కొట్టిపారెయ్యను. కానీ మీ హాస్టల్ పక్క క్లినిక్‌లో నీ తల మీద చెయ్యయినా వెయ్యకుండా సొంత రక్తం నుంచి తీసిన ప్లాస్మాను తలలోకి ఎక్కించే 6 సిట్టింగుల పీఆర్‌పీ ఇంజెక్షన్లకు డబ్బు కట్టమన్నారని విని మండిపోయాను. కట్టకు. ఎందుకు రాలుతోందో తేలకముందే వైద్యం మొదలుపెట్టడం వైద్యం కాదు.

మంచి డాక్టరు మొదట అడిగేది ఎప్పటినుంచి అని. నీకు ఆగస్టులో డెంగ్యూ వచ్చింది, నవంబరులో రాలడం మొదలైంది. ఆ రెండిటికీ సంబంధం ఉండొచ్చు, ఎలాగో చెప్తాను. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో నూటికి 85–90 పెరుగుతూ ఉంటాయి, మిగిలినవి విశ్రాంతి దశలో ఉండి రాలిపోతాయి. రోజుకు 100 దాకా ఊడటం మామూలే. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకునే డైటింగ్ లాంటివి ఒంటిని కుదిపేసినప్పుడు పెరగాల్సినవి కూడా ఒక్కసారిగా విశ్రాంతిలోకి జారుకుంటాయి. అవి రాలేది మాత్రం 2, 3 నెలల తర్వాత. అప్పటికి జ్వరం సంగతి ఎవరికీ గుర్తుండదు, షాంపూనో బోరు నీళ్లనో తిట్టుకుంటారు. ఈ రకం చాలామందిలో 6 నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. దానికి ఇంజెక్షన్లు అక్కర్లేదు.

ఒక పని చెయ్యి. రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి కిటికీ దగ్గర చూడు. ఒక కొసన చిన్న తెల్ల బుడిపె కనిపిస్తే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె చూసి కుదురే పోయిందని భయపడకు, కుదురు చర్మంలోనే ఉంటుంది. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగినట్టు. స్ట్రెయిటనింగ్, తడి జుట్టు దువ్వడం, బిరుసెక్కించే నీళ్లు అలా చేస్తాయి. తెగే జుట్టుకు మాత్రలు మింగి లాభం లేదు.

డాక్టరు దగ్గరకు తలంటుకున్న రోజే వెళ్లకు. ఒకరోజు ఆగి, నూనె రాయకుండా వెళ్లు. 50–60 వెంట్రుకల పాయను వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి కొస దాకా మెల్లగా లాగి చూస్తారు. నూటికి 10 కంటే ఎక్కువ చేతిలోకి వస్తే రాలడం ఇంకా జోరుగా ఉన్నట్టు. తర్వాత నడినెత్తిన పాపిడి తీసి, వెనకవైపు పాపిడితో పోలుస్తారు. అన్నిటికన్నా నేను నమ్మేది ఈ పోలికనే. వెనక ఒత్తుగా ఉండి, నడినెత్తిన మాత్రం పాపిడి వెడల్పయితే అది వంశపారంపర్యంగా పలచబడటం. ఆడవాళ్లలో దీన్ని 1977లో లుడ్విగ్ అనే వైద్యుడు 3 దశలుగా విడదీశాడు, ఇప్పటికీ ఆ లెక్కే వాడతాం. మా అమ్మకు, మీ అమ్మకు పాపిడి ఎలా ఉందో నీకు తెలుసు. కాబట్టి నీలో రెండూ కలిసి ఉండొచ్చు, జ్వరం వల్ల రాలడంతో లోపలున్న వంశలక్షణం బయటపడి ఉండొచ్చు. అదే తేల్చుకోవాలి.

డెర్మోస్కోపు అనే వెలుగున్న భూతద్దంతో చూస్తే ఇంకా స్పష్టం. లావు, సన్న వెంట్రుకలు పక్కపక్కనే కలగలిసి ఉంటే వంశలక్షణం. కుదురు పైకొచ్చే రంధ్రాలే కనబడకుండా చర్మం నున్నబడితే మచ్చపడే జబ్బు. అక్కడ పోయిన జుట్టు తిరిగి రాదు, కాబట్టి ఆ అనుమానం ఉంటే చిన్న చర్మం ముక్క తీసి బయాప్సీకి పంపడానికి ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యకూడదు. గుండ్రంగా జుట్టు ఊడిపోయే పేనుకొరుకుడు వేరు, దానికి పేలతో సంబంధమే లేదు. మన ఒంటి రక్షణశక్తే కుదుళ్ల మీద తిరగబడటం వల్ల వస్తుంది. దానికి కొందరు గురివింద గింజ అరగదీసి రాస్తారు, ఆ గింజ విషమని ఎవరికైనా చెప్పు.

రక్తపరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ ముఖ్యం. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండొచ్చు, ఫెర్రిటిన్ చూస్తేనే తెలుస్తుంది. నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు వస్తున్నా సిగ్గుపడక చెప్పు, హార్మోన్లు కూడా చూడాలి. నువ్వు మింగుతున్న బయోటిన్ మాత్రలు థైరాయిడ్ రిపోర్టును తారుమారు చెయ్యొచ్చు. ఇలాంటి పొరపాట్ల గురించి 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా చేసింది. డాక్టరుకు చెప్పి, పరీక్షకు 2, 3 రోజుల ముందే ఆపు.

జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ మంచి మందే, చాలామందికి నేనే రాశాను. కానీ మొదటి వారాల్లో రాలడం ఇంకా పెరగొచ్చు, గుణం తెలియడానికి కనీసం 4 నుంచి 6 నెలలు పడుతుంది, వంశలక్షణానికి వాడుతూ ఆపేస్తే వచ్చిన జుట్టు నిలవదు. అంత కాలం వాడేది స్నేహితురాలి మాట మీద మొదలుపెట్టకు.

డాక్టరు పేరు కింద చర్మవ్యాధుల పీజీ డిగ్రీ ఎండీ డీవీఎల్ అని ఉందో లేదో చూసి వెళ్లు. ప్రైవేటు ఖర్చు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రులైన ఉస్మానియాలోనో గాంధీలోనో చర్మవ్యాధుల ఓపీకి పొద్దున్నే వెళ్లు. వెళ్లేముందు ఒకే వెలుతురులో పాపిడి ఫొటో తీసి పెట్టుకో, నెలనెలా అలాగే తియ్యి. రిపోర్టులు రాగానే నాకు పంపు, ఎవరికీ రూపాయి కట్టకముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి తల్లీ.

ఇట్లు
నీ పెద్దమ్మ