పంటను మండీకి చేర్చుటకగు ఖర్చు: బాడుగ, ధర, మిగులు లెక్కించు విధము

ఆస్పరి, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులను విత్తనములకు, ఎరువులకు ఎంత వ్యయమైనదని అడిగినచో తడుముకొనక చెప్పుదురు. పంట పొలము గట్టు దాటినది మొదలు మండీలో కాటా వేయు వరకు ఎంత వ్యయమైనదని అడిగినచో, పెక్కుమంది బాడుగ మొత్తమొక్కటి చెప్పి ఊరకుందురు. కోతకూలి, ఎత్తుడు దింపుడు హమాలీ, దారిలో చెడిన సరుకు, ఎండి తగ్గిన తూకము, బండి నిలిచినందుకు ఇచ్చిన రొక్కము, కమీషను అనునవి వేర్వేరు చేతులకు వేర్వేరు వేళల పోవుటచే ఒక పద్దుక్రిందకు రాకున్నవి. ఏ పంటకు ఎంత మిగిలెనో తెలియకుండుటకు ఇదియే ముఖ్యకారణము.

మొదట గ్రహింపవలసినది ఏమనగా, బాడుగ సరుకు ధరనుబట్టి ఉండదు. టమాట గంప రు. 300 లు పలికిన దినమునను, రు. 60 లు పలికిన దినమునను బండివాడు పుచ్చుకొను మొత్తము ఒక్కటే. కావున ధర పడిపోయినపుడు ఈ ఖర్చే రైతు రాబడినంతటిని మ్రింగివేయును. పత్తికొండ, ఆస్పరి మండీలలో ధర పడినపుడు రైతులు కాయలను బాటప్రక్కల పారబోసి పోవుట పలుమార్లు జరిగినది. చూచువారు దానిని కోపకార్యమని తలంతురు గాని, లెక్క చూచినచో కొన్ని దినములందు కోయకుండుటయే తక్కువ నష్టము. అది ఏ ధరవద్దనో ముందుగా తెలిసికొన్నచో పారబోయుటకై కోతకూలి, బాడుగ ఇచ్చుకొను దుఃస్థితి తప్పును.

ఒక ఉదాహరణము చూడవలెను. ఇందలి అంకెలు లెక్క తెలియుటకై ఊహించినవి; ప్రతి రైతును తన ఊరి రేట్లను వాని స్థానమున వేసికొనవలెను. 25 కిలోల గంపలు 80 పట్టు చిన్న లారీకి పోకరాకలకు కలిపి బాడుగ రు. 2,000 లు. కోతకూలి గంపకు రు. 30 లు, హమాలీ రు. 10 లు. దారిలో నలిగి 4 గంపలు చెడగా 76 గంపలు అమ్ముడుపోవును. కమీషను నూటికి 4 రూపాయలు. కోతకు 2,400, హమాలీకి 800, బాడుగకు 2,000, వెరసి రు. 5,200 లు. గంప రు. 100 లు పలికినచో రాబడి 7,600; కమీషను 304 పోగా 7,296; ఖర్చు తీసివేయగా నిలుచునది రు. 2,096 లు. గంప రు. 60 లు పలికినచో కమీషను పోగా చేతికి వచ్చునది రు. 4,377 లు పైచిలుకు, అనగా రు. 822 లు ఎదురు చెల్లింపవలెను. ఖర్చుకు ఖర్చు సరిపోవు ధర గంపకు రు. 71 లు, పైన కొన్ని పైసలు. ఈ ధర తెలిసిన రైతు తెల్లవారుజామున మండీ ధర విచారించి కూలీలను పిలువవలయునా, మానవలయునా నిశ్చయించుకొనగలడు.

ఇచ్చట ఒక సందేహము పుట్టును. నారు, మందులు, కౌలు ఈ లెక్కలో ఎందుకు చేరలేదు? అవి కోతదినమునకు ముందే ఖర్చయిపోయినవి. కోసినను, కోయకున్నను అవి తిరిగి రావు. గంప రు. 80 లు పలికినపుడు సేద్యపు ఖర్చు గిట్టుబాటు కాకపోవచ్చును. అయినను ఆ దినము కోసి పంపినచో రు. 636 లు చేతికి వచ్చును, మానినచో ఏమియు రాదు. కావున కోయవలెను. వచ్చే ఏడు టమాట నాటవలయునా అను ప్రశ్నకు మాత్రము కౌలుతో సహా సమస్త వ్యయములు లెక్కకు రావలెను. ఈ రెండు ప్రశ్నలను కలిపివేసి, "పెట్టుబడియే రాలేదు, కోయుటెందుకు" అని విడిచినవారు కొందరు, "ఇంత పెట్టితిమి, కోయక ఎట్లు" అని మరింత పోగొట్టుకొన్నవారు కొందరు కలరు.

బండి నిండుట అనునది అన్నిటికంటె పెద్ద సంగతి. పై లారీలోనే 40 గంపలు మాత్రము వేసికొని పోయినచో కోత 1,200, హమాలీ 400, బాడుగ ఆ 2,000 యే, వెరసి 3,600. రెండు గంపలు చెడగా 38 అమ్ముడై, గంప రు. 100 ల చొప్పున కమీషను పోగా వచ్చునది రు. 3,648 లు. మిగులు రు. 48 లు. అదే మండీ, అదే ధర. నిండు బండివానికి గంపకు రు. 26 లు మిగులగా, సగము బండివానికి రూపాయి పైచిలుకు మిగిలినది. ఇద్దరు రైతులు ఒకే దినమున కోసి ఒకే లారీలో పంపుకొన్నచో ఈ భేదము పోవును. పొరుగువానితో మాటలు లేని రైతుకు ఇది కష్టమే.

పత్తి విషయమున బండి తూకముచే కాక పరిమాణముచే నిండును. వదులుగా నింపిన పత్తి లారీ తొట్టిని ముందే నింపివేయుటచే క్వింటాలుకు బాడుగ హెచ్చగును. తేమయు బాడుగ లెక్కలోనిదే. 2025-26 వ సంవత్సరమునకు పొడుగుపింజ పత్తికి కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు రు. 8,110 లు. తేమ నూటికి 8 పాళ్లు మించినచో భారత పత్తి సంస్థవారు ఆ మేరకు ధర తగ్గింతురు. 12 పాళ్లు మించినచో పుచ్చుకొనరు. అట్టి సరుకును ఇంటికి మరలింపవలసిన రైతు తిరుగు బాడుగ ఇచ్చి, ఆరబోసి, మరల బాడుగ ఇచ్చి తేవలెను. రెండు దినముల ఎండకు ఓర్వని తొందరకు మూడు బాడుగలగుచున్నవి.

దూరపు మండీల ఆశ ఉల్లిగడ్డ రైతులకు మెండు. కర్నూలులో ధర తగ్గినపుడు తాడేపల్లిగూడెమునకో హైదరాబాదునకో పంపుదురు. దగ్గరి మండీలో క్వింటాలు రు. 1,500 లు, దూరపు మండీలో రు. 1,750 లు అనుకొందము. ధర భేదము 250. దగ్గరకు బాడుగ 60, దూరమునకు 250 అయినచో బాడుగ భేదము 190. మిగిలినది 60. దారిలో అదనముగా నూటికి 3 కిలోలు తరుగు పోయినచో రు. 52 న్నర. అప్పటికి మిగిలినది ఏడున్నర రూపాయలు. నూరు క్వింటాళ్లకు రు. 750 లు. సరుకు వెంబడి పోయిన మనిషికి రెండు దినముల తిండి, చార్జీలు, పోయిన పని దానిలోనే పోవును. పైగా లారీ చేరు దినమునకు అచ్చటి ధర నిలుచునను పూచీ లేదు. ధర భేదము చూచి కాక, ఖర్చులన్నియు పోగా నిలుచు భేదమును చూచి లారీ ఎక్కింపవలెను.

రైలు దూరప్రయాణమునకు చౌక. ఆస్పరి, ఆదవానులు గుంతకల్లు నుండి రాయచూరునకు పోవు దారిలోనివే. అయినను రైలులో పంపుటకు సరుకు పెద్దమొత్తముగా ఒకచోట చేరవలెను, రెండు కొసలను హమాలీ, బండి బాడుగ ఉండనే ఉండును. 2020 సెప్టెంబరులో అనంతపురమునుండి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు నడచినది. నాడు కూరగాయలకు, పండ్లకు రైలు బాడుగలో సగము ప్రభుత్వము భరించెను. పూర్వము 1876-78 నాటి క్షామములో, ఆదవాని బళ్లారి జిల్లాలో నుండగా, రైలు ధాన్యమును స్టేషను వరకు తెచ్చినది గాని ఎద్దులు చచ్చిపోవుటచే అచ్చటినుండి పల్లెలకు చేర్చుట దుర్ఘటమైనది. కడపటి కొన్ని మైళ్లే భారమైనవి.

కొందరు రైతులు బాడుగ మిగులునని అప్పుచేసి ట్రాక్టరును కొనుచున్నారు. దానికి వడ్డీ, అరుగుదల, బీమా కలిపి ఏటికి రు. 1,20,000 లనియు, ప్రయాణమొక్కింటికి డీజిలు, డ్రైవరు కూలి రు. 900 లనియు అనుకొందము. ఏటికి 60 ప్రయాణములు చేసినచో ఒక్కొక్కదానికి పడునది రు. 2,900 లు, 150 చేసినచో రు. 1,700 లు. బయట బాడుగ రు. 2,000 లు అయినచో, 110 ప్రయాణములకు తక్కువ చేయువానికి సొంతబండి కంటె బాడుగ బండియే మేలు. దుక్కి పనికిని ట్రాక్టరును వాడువాడు ఆ మేరకు ఏటి ఖర్చును విభజించుకొనవచ్చును. డీజిలు ఖర్చునొక్కదానిని చూచి పొరుగువారి సరుకును రు. 1,000 లకు తోలువాడు తన ట్రాక్టరు చక్రములను కొంచెము కొంచెముగా అమ్ముకొనుచున్నాడు.

పలువురు కలిసి ఒకే లారీలో పంపునపుడు బాడుగను గంపల లెక్కను పంచుకొనవలెను. పత్తియు, వేరుశనగయు కలిసిన బండిలో మాత్రము తూకముచే పంచినచో వేరుశనగ రైతుకు అన్యాయమగును గావున, తొట్టిలో ఎవరి సరుకు ఎంత చోటు పట్టెనో చూచి పంచవలెను. తిరుగు ప్రయాణమున ఎరువు బస్తాలు వేసికొన్నచో దాని బాడుగ ఎవరిదో బండి కదలకమునుపే మాటాడుకొనవలెను.