ఈఎస్‌ఐ కటింగ్ గురించి బిడ్డకు

రెంజల్



బోధన్ రైస్‌మిల్లులో జీతాల లెక్క నీకు అప్పజెప్పారని మీ బాపు చెప్పాడు, సంతోషం. జీతాల రోజు "ఈ ఈఎస్‌ఐ కటింగ్ ఎందుకు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పడం కూడా నీ పనే.

నెలకు 16,000 జీతం అనుకో. ఈఎస్‌ఐకి, అంటే కార్మికుల బీమాకు, కార్మికుడి చందా నూటికి 0.75 చొప్పున 120 రూపాయలు, మిల్లు సేటుది 3.25 చొప్పున 520. రెండూ కలిపి 640, మరుసటి నెల 15లోగా కట్టాలి. 2019 జూలైకి ముందు ఇదే జీతానికి కార్మికుడు 280, సేటు 760 కట్టేవారు. తగ్గించినందుకు ఇద్దరూ సంతోషించారు. నాకైతే నచ్చలేదు. నిధిలో డబ్బు మిగిలితే డాక్టర్లను, మందులను పెంచాలి కదా!

ఒక్క విషయంలో గట్టిగా ఉండు. సేటు వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని 1948 ఈఎస్‌ఐ చట్టమే చెప్పింది. జీతం మాట్లాడుకునేటప్పుడే ఆ 520 తగ్గించి ఒప్పుకునేలా చేసేవాళ్లూ ఉంటారు. అది కాగితం మీద కనిపించదు, భారం మాత్రం కార్మికుడిదే.

ఆ 120కి ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంది. చందా రోజులు సరిపోతే జబ్బు చేసినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ప్రసవానికి 26 వారాల జీతం. అయితే జీతం 21,000 దాటితే, నడుస్తున్న ఆరు నెలల గడువు, అంటే సెప్టెంబరో మార్చో, ముగిశాక చందా ఆగిపోతుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు వైద్యమూ ఆగుతుంది. 2017 నుంచి ఆ 21,000 గీత కదల్లేదు. జీతం పెరిగిందని సంబరపడేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పు.

మన ప్రాంతంలో అసలు ఈఎస్‌ఐలోకే రానివాళ్లు చాలామంది. చక్కెర తయారీని చట్టం సీజన్ పనిగా లెక్కగట్టి ఈఎస్‌ఐకి బయటే ఉంచింది. శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టి 2015లో మూతపడిన నిజాం షుగర్స్ లాంటి ఫ్యాక్టరీలు నడిచిన నేలమీద ఇది చిన్న విషయం కాదు. ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల వైద్యానికి బీడీల మీద సెస్సు ఉండేది. జీఎస్టీ వచ్చినప్పుడు, 2017లో, దాన్ని ఎత్తేశారు. వాళ్ల సంక్షేమం ఇప్పుడు సర్కారు బడ్జెట్ కేటాయింపు మీద ఆధారపడింది.

ఇలా మిగిలిన పేదలకు ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. దానికి జీతంలో కటింగ్ లేదు గనుక డబ్బు ఊరికే వస్తుందనుకుంటారు. అది మనందరి పన్నుల్లోంచే పోతుంది. కొన్న ప్రతి సబ్బు మీదా బీడీలు చుట్టే అక్క కట్టే జీఎస్టీ కూడా సర్కారు ఖజానాకే చేరుతుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ల మీద 2018 నుంచి 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు వేరే ఉంది, అది కేంద్రానికి పోతుంది.

మొదటి నెల లెక్క పూర్తికాగానే అందరికీ వాళ్ల ఈఎస్‌ఐ నంబరు రాసివ్వు. భార్యాపిల్లల పేర్లు ఎక్కాయో లేదో ఒక్కొక్కరిని అడిగి చూడు. పేరు ఎక్కకపోతే ఆసుపత్రి కిటికీ దగ్గర ఇబ్బంది పడేది వాళ్లే.

నీ పెద్దనాయన