విత్తన వేరుశనగ ఒలుపు: ఇంటికి ఏ పనిముట్టు మేలు?

ముంగారు వాన పడితే చాలు, రాయలసీమ పల్లెల్లో కాయలు కొట్టే మిషను ముందు మూటలు బారులు తీరతాయి. ఎర్ర నేలల్లో తడి మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ తొందరలో మిషనాయన ఎట్లా కొట్టి ఇస్తే అట్లా తెచ్చుకుని గొర్రు కట్టేస్తారు. పది రోజులు పోయాక చేనులోకి వెళ్లి చూస్తే సాళ్ల నిండా సందులే. విత్తనం నాసిదని కొందరు, వాన చాల్లేదని కొందరు అనుకుంటారు. ఒలుపులో గింజ దెబ్బతిన్నదేమోనని ఆలోచించేవాళ్లు తక్కువ.

నూనెకో, వంటకో ఒలిచే కాయకు ఏ మిషనైనా సరే. బద్దలయినా నూనె తగ్గదు. విత్తనానికి ఒలిచే కాయ సంగతి వేరు.

గింజకు దెబ్బ ఎక్కడ?

వేరుశనగ గింజకు కంది గింజకున్నంత గట్టి తోలు లేదు. ఉన్నదల్లా ఉల్లిపొర లాంటి పలచని ఎర్రపొర. గింజను రెండుగా విప్పి చూడండి. ముక్కు వైపు తెల్లగా చిన్నగా కనిపించేదే మొలక. ముక్కు విరిగినా, బద్దలు విడిపోయినా ఆ గింజ మొలవదు. ఇవి కంటికి కనబడతాయి కాబట్టి చేటలో వేసి ఏరేస్తాం. అసలు మోసం చేసేది పొర గీసుకుపోయిన గింజ. చూడటానికి నిండుగా ఉంటుంది. భూమిలో పడ్డాక గీత పడిన చోట బూజు చేరి గింజ కుళ్లిపోతుంది. ఒకవేళ మొలిచినా మొదలు కుళ్లు తగిలి పది పదిహేను రోజుల్లో వాడిపోతుంది.

సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు చొప్పున విత్తితే ఎకరాకు సుమారు 1 లక్షా 35 వేల గింజలు పడతాయి. అందులో నూటికి పది దెబ్బతిన్నవైతే 13 వేలకు పైగా చోట్ల ఖాళీ. దుక్కి, ఎరువు, కలుపు కూలి మాత్రం ఎకరా మొత్తానికీ పెట్టాల్సిందే.

వేళ్లను మించింది లేదు, కానీ...

కాయ ముక్కును బొటనవేలితో నొక్కితే కుట్టు వెంట విచ్చుకుంటుంది. గింజకు గీత పడదు. పైగా ఒలుస్తూనే ముడతలు పడ్డవి, నల్లబడ్డవి పక్కన పడేయొచ్చు. విత్తనానికి ఇంతకన్నా మంచి ఒలుపు ఇప్పటికీ లేదు.

చిక్కంతా మనుషుల దగ్గర వస్తుంది. ఎకరాకు 60 నుంచి 70 కిలోల పప్పు కావాలి. కాయలో నూటికి 70 పాళ్లు పప్పు దిగుతుందనుకుంటే, తాలు, చిన్న గింజలు పోగా క్వింటాలుకు పైగా కాయలు ఒలవాలి. ఒక మనిషి పొద్దస్తమానం కూర్చున్నా పది పన్నెండు కిలోల కాయలకు మించి ఒలవలేరు. అంటే ఎకరాకు ఎనిమిది, పది మంది కూలి. ఎకరా లోపు ఉన్న ఇంట్లో నలుగురు కూర్చుంటే రెండు మూడు రోజుల పని. వాళ్లు ఏ మిషనూ కొనక్కర్లేదు. మూడు నాలుగెకరాలు ఉన్నవాళ్లు మాత్రం వానకు నెల ముందే మొదలుపెట్టాలి. వాన వెనకబడితే ఒలిచిన పప్పు మూటల్లోనే మగ్గుతుంది. కాయలో ఉన్నన్నాళ్లు భద్రంగా ఉండే గింజ, పప్పుగా మారాక ఎండకూ తేమకూ పురుగుకూ లోకువ. మొలక శాతం రోజురోజుకూ పడిపోతుంది. విత్తడానికి వారం, పది రోజుల ముందు ఒలుచుకోవడమే మంచిది.

వేళ్లు నొప్పెడతాయని కొందరు కాయల మీద నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. పళ్లతో కొరికి ఒలిచేవాళ్లూ లేకపోలేదు. రెండూ కూడదు. తడి తగిలిన కాయకు బూజు పడుతుంది. అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం మనుషులకూ, పశువులకూ చేటు. గోనెసంచిలో పోసి కట్టెతో బాదడం వంటకు సరే, విత్తనానికి వద్దు. చిన్న పట్టకారు కొనేటట్లయితే పూర్తిగా మూసినా దవడల మధ్య కాస్త సందు మిగిలేది చూసి కొనండి. దవడలు అంటుకుపోయేదైతే కాయతో పాటు గింజనూ నలిపేస్తుంది. అడకత్తెర సంగతి సరేసరి, వక్కలకే పనికొస్తుంది.

చేతి మిషను ఎట్లా చూసి కొనాలి?

రెండు నుంచి ఐదెకరాల రైతుకు కుదిరేది చేతితో ఊపే మిషను. కింద సగం పీపా ఆకారంలో కంతల జల్లెడ. పైన పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే దిమ్మెలు కాయలను జల్లెడకు వేసి రుద్దుతాయి. పప్పు, పొట్టు కలిసి కిందపడతాయి. చేటతో చెరుక్కోవాలి. కరెంటు అక్కర్లేదు. చెయ్యి తిరిగిన మనిషి గంటకు అర క్వింటాలు కాయలకు అటూ ఇటుగా ఒలుస్తారు. వాన పడిన సాయంత్రం మొదలుపెట్టినా తెల్లారేసరికి ఒకటి రెండెకరాల విత్తనం తయారవుతుంది. వాన పడకపోతే కాయలు కాయలుగానే ఉంటాయి. ఈ మిషనుతో ఉన్న అసలు లాభం నా దృష్టిలో ఇదే.

కొనేటప్పుడు రంగు చూడకండి, మూత తీసి దిమ్మెలు చూడండి. పోత ఇనుము దిమ్మెలకు పళ్లుంటాయి. అవి పదునుగా ఉంటే పొర గీస్తాయి. రబ్బరో, నైలానో తొడిగిన దిమ్మెలైతే గింజ మీద మెత్తగా పనిచేస్తాయి. రబ్బరు అరుగుతుంది కాబట్టి మళ్లీ దొరుకుతుందా, ఎవరు బిగిస్తారు అని అప్పుడే అడిగి పెట్టుకోవాలి. కంతల అంచులు వేలితో తడిమి చూడండి. గరుకుగా తగిలితే ఆకురాయితో నున్నగా చేయించుకోవాలి.

జల్లెడ మార్చుకునే వీలుండాలి. రకం మారితే కాయ లావు మారుతుంది. కంత నుంచి మీ గింజ సులువుగా జారాలి, కాయ జారకూడదు. కంత చిన్నదైతే ఒలిచిన గింజ తొట్టిలోనే ఉండిపోయి మళ్లీ మళ్లీ రాపిడికి గురవుతుంది. బద్దలు ఎక్కువ రావడానికి ఇదొక కారణం, చాలామంది గమనించరు.

దిమ్మెకూ జల్లెడకూ మధ్య సందు సర్దుకునే మరలు ఉండాలి. అవి లేని మిషను ఎంత చౌకగా వచ్చినా విత్తనానికి వద్దు. మొదట సందు ఎక్కువగా పెట్టి, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. పది కాయల్లో ఒకటి ఒలవకుండా పడినా ఫర్వాలేదు, ఏరి మళ్లీ వేయొచ్చు. విరిగిన గింజను అతికించలేం కదా.

ఇంట్లో ఈ మిషను ఊపేది ఎక్కువగా ఆడవాళ్లే. కొనడానికి వాళ్లనూ తీసుకెళ్లండి. పిడి ఎత్తు వాళ్లకు సరిపోవాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఊగకుండా నిలబడాలి. మగవాళ్లు నాలుగు ఊపులు ఊపి బాగుందని తెచ్చేసిన మిషన్లు కొన్ని ఇళ్లలో అటక మీదున్నాయి.

ఏడాదికి రెండు మూడు రోజులే పని కాబట్టి ఒక్కరే కొనడం కన్నా నలుగురైదుగురు కలిసి కొనుక్కోవడం నయం. అంతకు మించితే వాన పడిన రోజు వంతుల దగ్గర మాట తేడాలొస్తాయి. ఆ ఏడాది రాయితీ ఉందో లేదో మండల వ్యవసాయ అధికారిని అడిగి తెలుసుకోండి.

కిలో కాయల పరీక్ష

కొనేముందు మీ ఇంటి కాయలే రెండు మూడు కిలోలు వెంట తీసుకెళ్లండి. కిలో తూచి ఆడించండి. పప్పు 700 గ్రాములు వచ్చిందనుకుందాం. బద్దలు, ముక్కలు వేరు చేసి తూయండి. 35 గ్రాములు దాటితే, అంటే నూటికి ఐదు దాటితే, సందు సర్ది మళ్లీ ఆడించండి. అప్పటికీ తగ్గకపోతే ఆ మిషను వదిలేయొచ్చు. తర్వాత నిండు గింజలు వంద లెక్కపెట్టి, వెలుతురులో ఒక్కొక్కటీ తిప్పి ఎన్నింటికి పొర లేచిందో చూడాలి.

ఇంకా గట్టి పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఒకే మూటలోని కాయలు చేత్తో ఒలిచి వంద గింజలు, మిషనుతో ఒలిచి వంద గింజలు తీసుకోండి. వేర్వేరు తడి గోనెపట్టాల్లో చుట్టి నీడన పెట్టి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ వారం, పది రోజుల తర్వాత లెక్కపెట్టండి. రెండింటికీ ఉన్న తేడాయే ఆ మిషను చేసిన నష్టం. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలని ప్రమాణం. మిషను గింజ అంతకు దిగువన ఉంటే దానితో ఒలవొద్దు. చేతి ఒలుపు గింజ కూడా దిగువనే ఉంటే లోపం కాయలదే, వేరే విత్తనం చూసుకోవాలి. ఇదంతా మే నెలలో తీరికగా చేసుకోవాలి, వాన పడ్డాక కాదు.

పెద్ద మిషనుకే వెళ్లక తప్పదంటే

కరెంటు, ట్రాక్టరు మిషన్లు గంటకు క్వింటాళ్లు కొడతాయి. వాటి సందూ వేగమూ సాధారణంగా నూనె కాయకు సర్ది ఉంటాయి. విత్తనానికని ముందే చెప్పి, వేగం తగ్గించమని, సందు పెంచమని అడగండి. ఒక్క మూట కోసం జల్లెడ మార్చమంటే మిషనాయన విసుక్కుంటాడు. ఊళ్లో పది మంది ఒకే రోజు కలిసి వెళితే మారుస్తాడు. మన మూట పోయకముందు తొట్టి, జల్లెడ శుభ్రం చేయించాలి. ముందు కొట్టిన వేరే రకం గింజలు నాలుగు గుప్పిళ్లు కలిసినా చేనులో బెరుకులు తప్పవు.

ఏ మిషనైనా కాయ బాగుంటేనే పని. ముందుగా తాలు, పుచ్చు, బూజు కాయలు ఏరేయాలి. బూజు కాయలు గొడ్లకు వేయొద్దు, ఆ విషం పాలలోకీ దిగుతుంది. లావు కాయలు, సన్న కాయలు జల్లించి విడివిడిగా వేయాలి. కలిపి వేస్తే లావువి నలుగుతాయి, సన్నవి ఒలవకుండా జారిపోతాయి. మెత్తబడ్డ కాయ సరిగా విచ్చుకోదు. మరీ పెళుసుగా ఎండిన కాయలో గింజ బద్దలవుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి తెచ్చిన కాయలు వెంటనే వేయకుండా నీడన చల్లారనిచ్చి పొద్దునో, సాయంత్రమో ఆడిస్తే మేలు. ఒకేసారి తొట్టి నింపకుండా కొంచెం కొంచెంగా పోయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవొద్దు.

ఒలిచిన పప్పును గోనెసంచిలో నీడన ఉంచండి. యూరియా సంచుల్లో పోయకండి, ఎరువుల పక్కన పెట్టకండి. విత్తే ముందు కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించాలి. మిషనుతో ఒలిచిన గింజకు ఇది తప్పనిసరి. మందు కలిపేటప్పుడు గింజలను గట్టిగా రుద్దితే మిగిలిన పొర కూడా లేచిపోతుంది. డబ్బాలో పోసి మూత పెట్టి మెల్లగా దొర్లించండి. మందు పట్టించిన గింజలు మిగిలితే వంటకు గానీ, పశువులకు గానీ వాడకూడదు.