మురానో గాజు కళ

తెలుగులో గాజు అనే మాటకు రెండర్థాలు. ఒకటి పదార్థం, రెండవది ఆ పదార్థంతో చేసి స్త్రీలు ముంజేతికి ధరించే ఆభరణం. సంస్కృతంలో దీనిని కాచమంటారు. ప్రాచీన కవులు మాత్రం కాచానికి పెద్దపీట వేయలేదు. కాచాన్ని చూసి మణి అని భ్రమించేవాడు, మణిని చూసి కాచమని పారవేసేవాడు, ఇద్దరూ నీతిశ్లోకాలలో అవివేకులుగానే నిలిచిపోయారు. అటువంటి కాచానికి మణితో సమానమైన గౌరవం తెచ్చిన చిన్న దీవి ఇటలీ దేశంలో ఉంది. దాని పేరు మురానో.

వెనిస్ నగరం ఉప్పునీటి సరస్సు నడుమ వెలసిన నగరం. దానికి ఉత్తరంగా, పడవలో కొద్ది నిమిషాల దూరంలో మురానో ఉంది. పూర్వం గాజు కొలుములు వెనిస్ నగరంలోనే ఉండేవి. రాత్రింబగళ్లు మండే కొలుముల పక్కనే కొయ్యతో కట్టిన ఇళ్లు ఉండటం వల్ల అగ్నిప్రమాదాల భయం పెరిగింది. 1291లో వెనిస్ ప్రభుత్వం కొలుములన్నిటినీ మురానోకు తరలించాలని ఆజ్ఞాపించింది. నగరాన్ని నిప్పు నుండి కాపాడటం పైకి చెప్పిన కారణం. పనివారందరినీ ఒకే దీవిలో ఉంచితే వారి విద్యను కాపలా కాయటమూ తేలిక అని ప్రభుత్వానికి త్వరలోనే బోధపడింది.

ఇక్కడి నుండి మురానో చరిత్రలో సన్మానమూ నిర్బంధమూ జంటగా నడిచాయి. గాజు పనివాని కుమార్తెను ప్రభువంశీయుడు వివాహమాడితే వారి సంతానానికి ప్రభుహోదా తగ్గేది కాదు. మరే చేతిపని వారికీ దక్కని మర్యాద ఇది. కాని అదే పనివాడు అనుమతి లేకుండా దేశం దాటి తన విద్యను పరులకు చెప్పటం నేరం. పారిపోయిన వారిని హంతకులు వెంటాడేవారని చెప్పుకొనే కథలలో అతిశయోక్తి ఉండవచ్చు. ఎందరో పారిపోయి ఆంట్వెర్ప్, లండన్ వంటి నగరాలలో కొలుములు పెట్టి బతికారు కూడా. అయినా ఆ భయం పూర్తిగా కల్పితం కాదు. 1665లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ మంత్రి కోల్బేర్, అద్దాల తయారీ కోసం మురానో పనివారిని రహస్యంగా రప్పించాడు. వారిలో ఇద్దరు కొద్దికాలం తేడాతో మరణించారు. విషప్రయోగం జరిగిందన్న అనుమానం ఈనాటికీ తీరలేదు. 1684లో పూర్తయిన వెర్సాయ్ రాజభవనపు అద్దాల మందిరంలో 357 అద్దాలున్నాయి. అవి ఫ్రాన్సులోనే తయారయ్యాయి. వెనిస్ ఎంతగా దాచినా విద్య గడప దాటింది.

ఆ విద్యలో అంత దాచదగినది ఏమున్నది? గాజుకు ముడిసరుకు ఇసుక. దానిని కరిగించటానికి క్షారం కావాలి, నిలకడకు సున్నం కావాలి. మామూలు ఇసుకలో ఇనుము కలిసి ఉండటం వల్ల గాజుకు ఆకుపచ్చని ఛాయ వచ్చేది. పదిహేనవ శతాబ్ది మధ్యభాగంలో ఆంజెలో బరోవియేర్ అనే మురానో గురువు ఈ దోషాన్ని జయించాడు. ఇసుకకు బదులు నదులలో దొరికే తెల్లని గులకరాళ్లను పొడిచేసి వాడారు. సిరియా, ఈజిప్టు తీరాలలో పెరిగే ఉప్పుమొక్కల బూడిదను నీటిలో మరిగించి, వడగట్టి, శుద్ధిచేశారు. కొద్దిపాటి మాంగనీసు చేర్చి మిగిలిన ఛాయను పోగొట్టారు. సహజ స్ఫటికాన్ని తలపించే గాజు అవతరించింది. దానికి క్రిస్తాల్లో అని పేరు పెట్టారు.

ఈ నైర్మల్యానికి ఒక మూల్యం ఉంది. బూడిదను శుద్ధి చేసినప్పుడు మలినాలతో పాటు గాజుకు బలమిచ్చే సున్నమూ చాలావరకు తొలగిపోతుంది. అటువంటి గాజు గాలిలోని తేమకు నెమ్మదిగా చెమర్చి, సన్నని పగుళ్లతో మసకబారుతుంది. అయిదు శతాబ్దాల నాటి పాత్రలు కొన్ని నేడు ప్రదర్శనశాలల బీరువాలలో ఈ వ్యాధితో బాధపడుతున్నాయి. తేమ పెరగకుండా, మరీ తగ్గకుండా చూడటం తప్ప వాటికి మందు లేదు.

మురానో గాజు నిర్మలత్వంతోనే ఆగలేదు. 1527 నాటికి దారపు గాజు అనదగిన పద్ధతి అక్కడ రూపుదిద్దుకొంది. ముందుగా తెల్లని గాజుతీగను నిర్మలమైన గాజులో పొదిగి సన్నని కడ్డీలుగా సాగదీస్తారు. ఆ కడ్డీలను పలకపై పక్కపక్కనే పేర్చి, ఒకదానితో ఒకటి అతుక్కొనేదాకా కాలుస్తారు. అలా ఏర్పడిన చాపను ఊదుగొట్టం కొనకు చుట్టి, మూసి, మెలితిప్పి, ఊపిరి పోస్తారు. పాత్ర ఉబ్బుతున్న కొద్దీ లోపలి తెల్లని దారాలు మల్లెతీగల వలె చుట్టుకొని పైకి సాగుతాయి. ఇంతకంటె కష్టమైనది వలగాజు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు మెలితిప్పిన రెండు బుడగలను ఒకదానిలో ఒకటి దింపి కలుపుతారు. దారాలు ఒకదానినొకటి ఖండించుకొని వల ఏర్పడుతుంది. వలలోని ప్రతి కన్నులోనూ ఒక చిన్న గాలిబుడగ చిక్కుకొని ఉంటుంది. ఆ బుడగలన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయా లేదా అన్నదే పనివాని హస్తలాఘవానికి పరీక్ష.

ఈ పని ఒంటరిగా చేసేది కాదు. గురువు బల్లపై కూర్చొని గొట్టాన్ని నిరంతరం తిప్పుతూ ఉంటాడు. ఒక శిష్యుడు కొలిమి నుండి గాజుముద్ద తెస్తాడు, మరొకడు ఊదుతాడు, ఇంకొకడు పిడులకు, పాదాలకు కావలసిన ముద్దలు అందిస్తాడు. మాటలు తక్కువ. గాజు చల్లబడే లోపు పని ముగియాలి. ముగిసిన పాత్రను వెంటనే బయట పెడితే పగులుతుంది కనుక, వేరొక పొయ్యిలో గంటల తరబడి మెల్లగా చల్లార్చాలి.

పాత్రల కీర్తి ముందు పూసల సంగతి మరుగునపడింది. రంగుపొరలతో నక్షత్రం వలె కనిపించే రొసెత్తా పూసను కనిపెట్టిన ఘనత ఆంజెలో కుమార్తె మరియెత్తా బరోవియేర్‌కు దక్కుతుందంటారు. పూసలను దారానికి గుచ్చే పని తరతరాలుగా వెనిస్ పేదస్త్రీలది. వీధివాకిళ్లలో కూర్చొని, ఒళ్లో కొయ్యపళ్లెం పెట్టుకొని, పిడికెడు సూదులను ఒక్కసారిగా పూసలలో ముంచేవారు. వారి కూలి స్వల్పం. ఆ పూసలే ఓడలెక్కి ఆఫ్రికాకు చేరి, బంగారానికి, దంతానికి, చివరకు బానిసలుగా అమ్ముడైన మనుషులకు మారకమయ్యాయి. ఈ కళను మెచ్చుకొనేటప్పుడు ఆ లెక్కను విస్మరించటం న్యాయం కాదు. 2020లో ఇటలీ, ఫ్రాన్సు దేశాల గాజుపూసల కళను యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. శ్రీకాళహస్తి సమీపంలోని పాపానాయుడుపేటలోనూ గాజుపూసల పని ఉన్నది. దాని పద్ధతి వేరు, ప్రాచీనతలో వెనిస్‌కు తీసిపోదు.

1612లో అంతోనియో నేరి అనే మతాచార్యుడు గాజు తయారీ రహస్యాలను గ్రంథంగా ప్రకటించాడు. ఆ తరువాత బొహీమియా, ఇంగ్లండు దేశాలు కొత్త రకాల గాజుతో ముందుకు వచ్చాయి. 1797లో నెపోలియన్ చేతిలో వెనిస్ గణరాజ్యం పతనమైంది. మురానో కొలుములు చాలావరకు చల్లారాయి. 1861లో విన్‌చెన్సో జనెత్తి అనే మతగురువు పూనికతో మురానోలో గాజు ప్రదర్శనశాల వెలసింది. పూర్వుల పాత్రలను చూసి కొత్తతరం పని నేర్చుకొన్నది. న్యాయవాది అయిన అంతోనియో సాల్వియాతి ఆ గాజుకు ఐరోపాలో మళ్లీ అంగడి తెచ్చాడు. 1921లో మరో న్యాయవాది పావొలో వెనీని కొత్త కర్మాగారం స్థాపించాడు. కొలిమి చరిత్రలో న్యాయవాదుల పాత్ర ఇంత ఉండటం విచిత్రమే. వాస్తుశిల్పి కార్లో స్కార్పా 1932 నుండి 1947 వరకు వెనీని సంస్థకు రూపకల్పన చేశాడు.

గాజుపాత్రల సేకరణ ప్రభువుల అభిరుచిగానే ఆరంభమైంది. ఫెలిక్స్ స్లేడ్ అనే ఆంగ్లేయుడు 1868లో మరణిస్తూ తన గాజు సంపదను బ్రిటిష్ మ్యూజియానికి రాసి ఇచ్చాడు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు విభాగంలో వెనిస్ పాత్రలను చూడవచ్చు. సేకర్తకు డబ్బుకంటె ముందు కన్ను కావాలి. మురానో చీటీ అంటించిన గాజంతా మురానోది కాదు. చవకరకం అనుకరణలు వెనిస్ అంగళ్లలోనే అమ్ముడవుతుంటాయి. వీటిని అరికట్టటానికి 1994లో వెనెతో ప్రాంతీయ ప్రభుత్వం అధికారిక ముద్రను చట్టంగా చేసింది. చీటీ ఊడిపోవచ్చు, పాత్ర అడుగున కడ్డీ విరిచిన గుర్తు, గోడ మందం, దారాల వరుస మాత్రం మిగిలి ఉంటాయి.

2023లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఒక మహిళ, పాత వస్తువుల దుకాణంలో నాలుగు డాలర్లకు ఒక సెంటు తక్కువ వెలకు ఒక పూలపాత్ర కొన్నది. అడుగున మురానో అన్న పేరు ఆమె కంటపడింది. విచారించగా అది స్కార్పా 1940ల తొలినాళ్లలో రూపొందించిన అరుదైన పాత్ర. వేలంలో లక్షకు పైగా డాలర్లు పలికింది. అంచున చిన్న పెచ్చు ఊడి ఉన్నా పదోవంతు ధర కూడా రాకపోయేదని వేలందారుల అంచనా.

పూర్వం రహస్యం పొక్కుతుందని భయపడిన దీవికి నేడు నేర్చుకొనేవారు దొరకరేమోనన్న భయం పట్టుకొన్నది. 1979లో లీనో తాల్యాపియేత్రా అనే మురానో గురువు అమెరికా వెళ్లి విద్య బోధించినప్పుడు స్వస్థలంలో కొందరు నిష్ఠూరమాడారు. ఆయన శిష్యుల వల్ల ఆ పద్ధతులు మరొక ఖండంలో వేళ్లూనాయి. 2021లో గ్యాసు ధర కొన్ని రెట్లు పెరిగింది. కొలిమిని రాత్రి ఆర్పి ఉదయం వెలిగించటం కుదరదు, చల్లారితే లోపలి మూస పగులుతుంది. పలువురు యజమానులు లెక్కలు చూసుకొని, నిలువెల్లా ఎర్రగా ఉన్న కొలుములను రోజుల తరబడి కొద్దికొద్దిగా చల్లార్చి, తలుపులు మూశారు.