తుపాను ముప్పులో సరుగుడు సాగు: కోత వయసు, నిలకడైన దిగుబడి – ఒక గణిత నమూనా

పిఠాపురం సమీపాన ఉప్పాడ తీరపు ఇసుక నేలల్లో సరుగుడు ముఖ్యమైన కలప పంట. ఎప్పుడు నరకాలి, ఏటా ఎంత నరికితే దిగుబడి నిలకడగా ఉంటుంది అన్నవి ఇక్కడ వేర్వేరు ప్రశ్నలు. వాతావరణ మార్పు రెండింటినీ ప్రభావితం చేస్తుంది.

పూర్వ నమూనాలు

1849లో జర్మన్ అటవీ శాస్త్రజ్ఞుడు మార్టిన్ ఫౌస్ట్‌మన్ నరికి, మళ్లీ నాటే తోటల భూమి విలువకు సూత్రం రూపొందించారు. అందులో ప్రమాదానికి చోటు లేదు. 1984లో విలియం రీడ్ అగ్నిప్రమాదాన్ని చేర్చి, ప్రమాద రేటు వడ్డీ రేటుకు కలిసినట్లే పనిచేస్తుందని చూపారు. తీర ప్రాంతంలో నిప్పు స్థానాన్ని తుపాను తీసుకుంటుంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చింది. భూతాపంతో తీవ్ర తుపానుల వాటా పెరుగుతుందని వాతావరణ మార్పుల అంతర ప్రభుత్వ సంఘం అంచనా.

నమూనా

తోట ఏటా నష్టపోయే సంభావ్యత 'వ', కోత వరకు నిలిచే సంభావ్యత 'న' అనుకుందాం. నష్టపోయిన వెంటనే తిరిగి నాటితే:

సగటు వార్షిక దిగుబడి = కోత దిగుబడి × వ × న ÷ (1 − న)

ఉదాహరణకు (ఎకరాకు టన్నులు; దిగుబడులు ఊహాత్మకం; వ = 0.1):

| వయసు (ఏళ్లు) | కోత దిగుబడి | ఏటా, ముప్పు లేకుండా | ఏటా, ముప్పుతో |
|---|---|---|---|
| 3 | 24 | 8.0 | 6.5 |
| 4 | 41 | 10.3 | 7.8 |
| 5 | 52 | 10.4 | 7.5 |
| 6 | 60 | 10.0 | 6.8 |

ఫలితాల విశ్లేషణ

ముప్పును లెక్కిస్తే ఉత్తమ కోత వయసు ఐదేళ్ల నుంచి నాలుగేళ్లకు తగ్గుతుంది. అయితే దీనివల్ల కలిగే లాభం ఎకరాకు ఏటా 0.3 టన్నులే. అసలు మార్పు నిలకడైన దిగుబడిలో ఉంది: 10.4 నుంచి 7.8కి, అంటే నాలుగో వంతు తగ్గుదల. నూరెకరాల రైతు సంఘం పాత లెక్కతో ఏటా 1,040 టన్నులు కాగితపు మిల్లుకు ఒప్పుకుంటే సగటున 260 టన్నుల లోటు పడుతుంది. దానిని పూడ్చడానికి లేత చెట్లను నరికితే మరుసటి ఏళ్ల దిగుబడి మరింత పడిపోతుంది.

విస్తరణ సూచనలు

పడిపోయిన కలప కొంత అమ్ముడుపోతుంది. ఎత్తైన చెట్లకు గాలి నష్టం ఎక్కువ కావచ్చు. కనుక ప్రతి తుపాను తరువాత వయసుల వారీగా నిలిచిన చెట్లను లెక్కించి 'వ' విలువను సవరించాలి. వర్షాభావం పెరుగుదలను తగ్గిస్తే దిగుబడి అంకెలనూ మార్చాలి. కోత వయసు కంటే ముందు ఒప్పంద పరిమాణాన్ని సరిదిద్దడమే రైతుకు మేలు.