జిన్నింగు మిల్లులో విడిభాగాలు: ఎన్ని వుంచాలి, ఎప్పుడు కొనాలి?

ఆదోని యార్డుకు పత్తి రాక అక్టోబరు నుంచి పుంజుకుంటుంది. జిన్నింగు మిల్లు సంపాదన అంతా ఆ నాలుగైదు నెలల్లోనే. క్వింటాలుకు పది రూపాయలు తేడా వస్తే నిద్రపట్టని యజమానులు కొందరు, స్టోరు గదిలో ఏ భాగం ఎన్ని వున్నదీ చెప్పలేరు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వంటి చోట్ల స్టోర్సుకు వేరే శాఖ వుంటుంది. ఇక్కడ ఆ పని గుమాస్తాదో, ఫిట్టరుదో.

కామర్సు పాఠాల్లో నిల్వను విలువను బట్టి ఎ, బి, సి తరగతులు చేస్తారు. ఖరీదైన వాటిపై నిఘా ఎక్కువ, చవకవాటిపై తక్కువ. విడిభాగాలకు ఇదొక్కటే నమ్ముకుంటే చిక్కే. అది లేకపోతే ఏది ఆగుతుంది, తెప్పించడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్నవే ముందు చూడాలి.

మాటవరుసకు 24 డబుల్ రోలరు యంత్రాల మిల్లు అనుకుందాం. యంత్రానికి గంటకు 50 కిలోల దూది చొప్పున 16 గంటలకు 19,200 కిలోలు, అనగా 170 కిలోల బేళ్లు సుమారు 113. ఒక యంత్రం బేరింగు పోతే రోజుకు తగ్గేది ఐదు బేళ్ల లోపే. బేళ్లు కట్టే ప్రెస్సులో హైడ్రాలిక్ సీలు పోతే మొత్తం 113 బేళ్లూ ఆగినట్లే. దూది హాలులో గుట్టపడుతుంది, నిప్పు భయం వుండనే వుంది. గేటు వద్ద పత్తి లారీలు నిలుస్తాయి, బ్రోకరుకు చెప్పిన డెలివరీ తేదీ తప్పుతుంది. వీటి ముందు సీలు ఖరీదు ఏపాటిది? సీజనులో రెండు సెట్లు చేతిలో వుండవలసిందే.

తోలు రోలర్ల లెక్క వేరు. అవి అరిగిపోయేవే. వారానికి 2 మార్చవలసి వచ్చి, సరుకు చేరడానికి 3 వారాలు పడితే 6 కావాలి. రవాణా ఆలస్యానికి మరో 2. నిల్వ 8కి దిగిన రోజే ఆర్డరు వెళ్లాలి.

అలాగని పోగు చేయరాదు. రబ్బరు సీళ్లు, బెల్టులు రేకుల గదిలో మన ఎండలకు గట్టిపడి పగుళ్లిస్తాయి. అవి ఏప్రిల్లో కాదు, సెప్టెంబరులో కొనవలసినవి. 2000లో కేంద్రం పత్తి టెక్నాలజీ మిషన్ ప్రారంభించి మిల్లుల ఆధునికీకరణకు తోడ్పడింది. అలా యంత్రాలు మార్చినవారి వద్ద పాతవాటి భాగాలు ఇంకా పుస్తకంలో ఆస్తిగా వుంటే, తూకానికి అమ్మి ఆ డబ్బు పత్తి కొనుగోలులో పెట్టుకోవడం మేలు.

ప్రెస్సు పంపు వంటి ఖరీదైన భాగాన్ని, ప్రెస్సులు ఒకే తయారీవైతే, ఇరుగుపొరుగు మిల్లులవారు కలిసి ఒకటి కొని వుంచుకోవచ్చును. ఇద్దరికీ ఒకే వారంలో అవసరం పడితే ముందు ఎవరికన్నది మాత్రం కాగితం మీద రాసుకోవాలి.